రెండు వందల నూరువరహాలు: ఒక నర్సరీ వెబ్‌సైటును రెండుసార్లు కట్టిన కేసు

ఒకసారి నా చేతిలో చెడిపోయి, రెండోసారి కుదిరిన పని ఇది. కుదిరిన పనుల గురించి చదవడానికి చాలానే దొరుకుతుంది కాబట్టి, చెడిన తీరును కాస్త విడమరచి రాస్తున్నాను. యజమాని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు తీసేశాను, పోల్చుకునే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

రాజమహేంద్రవరం దాటి కడియం, కడియపులంక వైపు వెళ్లినవాళ్లకు అక్కడి నర్సరీలను పరిచయం చేయనక్కర్లేదు. కంచెకు కంచె ఆనుకుని వందలుగా ఉంటాయి. ఈ నర్సరీ వాటిలో మధ్యరకం. తండ్రి మొదలుపెట్టినది, ఇప్పుడు కొడుకు నడుపుతున్నారు. పూల మొక్కలు, నీడ చెట్లు, పండ్ల అంట్లు కలిపి నాలుగు వందల పైచిలుకు రకాలు. ఒక గుమస్తా, రెండు ఫోన్లు.

కొనేవాళ్లెవరో ముందే చెప్పాలి, ఎందుకంటే నేను దాన్ని సరిగ్గా పట్టించుకోకపోవడం దగ్గరే పని చెడింది. దారిన పోతూ ఆగి ఒక గులాబీ కుండీ కొనుక్కునేవాళ్లు రోజూ ఉంటారు. కానీ నర్సరీ నిలబడింది వాళ్ల మీద కాదు. లేఅవుట్లు వేసేవాళ్లు, రోడ్డు డివైడర్లలో మొక్కలు నాటే కాంట్రాక్టర్లు, కొత్తగా మామిడి తోట పెట్టే రైతులు, కాలేజీలు, గుడి కమిటీలు అసలు ఖాతాదారులు. వీళ్లకు మొక్కలు లారీలో లోడుగా వెళ్తాయి. బేరం ఫోనులో మొదలై, చాలాసార్లు ఫోనులోనే తెగుతుంది.

నా దగ్గరికి వచ్చిన సమస్య

"సైటు పాతబడింది, పక్కవాళ్లది కళకళలాడుతోంది." యజమాని చెప్పింది ఇంతే. ఫోనులో తెరిచి చూస్తే నాకు కనిపించినవి వేరు. మొదటి పేజీలో ఆరు ఫొటోలు ఒకదాని తరువాత ఒకటి జరుగుతుంటాయి. ఒక్కొక్కటి కెమెరా నుంచి దించినది దించినట్టే పెట్టేశారు, పేజీ మొత్తం 14 ఎంబీ తూగింది. ఫోను నంబరు బ్యానరు బొమ్మలోనే ఉంది, వేలితో నొక్కితే కలవదు. చూసి, గుర్తుపెట్టుకుని, బయటికొచ్చి కొట్టుకోవాలి. మొక్కల జాబితా 38 పేజీల పీడీఎఫ్. విచారణ ఫారం నింపితే ఒక ఈమెయిలుకు వెళ్తుంది, దాని పాస్‌వర్డు ఎవరికీ గుర్తులేదు.

తెలుగులో ఒక పేరా ఉంది, అదీ బొమ్మే. కరపత్రం కోసం డీటీపీ వాళ్లు యూనికోడ్‌కు ముందు నాటి ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ అది. తీసుకొచ్చి సైటులో అతికిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వచ్చాయట. చివరికి కరపత్రాన్నే ఫొటో తీసి పెట్టారు. తెలుగునాట చిన్న వ్యాపారాల సైట్లు చూసేవాళ్లకు ఇది కొత్త కాదు. ఇప్పటికీ ఏ నెలలోనో ఒకటి తగులుతుంది.

మొదటి ప్రయత్నం: దుకాణం కట్టాను

అంతకు ముందు చీరల దుకాణానికీ, మిఠాయిల వాళ్లకూ సైట్లు కట్టి ఉన్నాను. బుట్ట, ధర, ఆన్‌లైన్ చెల్లింపు, కొరియర్. అదే పద్ధతి ఇక్కడా వాడాను. నా తర్కం ఇది: గుమస్తాకు రోజంతా ఫోన్లే; జనం సైటులోనే ఎంచుకుని డబ్బు కట్టేస్తే ఫోన్లు తగ్గుతాయి, యజమానికి కొత్త గిరాకీ వస్తుంది. యజమాని కూడా సంబరపడ్డారు.

సాంకేతికంగా చూస్తే తప్పు పట్టేదేమీ లేదు. ఫొటోలను తక్కువ బరువుండే వెబ్‌పీ రూపంలోకి మార్చి, తెర వెడల్పును బట్టి వేరువేరు కొలతల్లో పంపి, కింద ఉన్నవి కిందికి జరిగాకే దిగేలా చేస్తే మొదటి పేజీ 900 కేబీకి వచ్చింది. ముఖ్యమైన బొమ్మ 2.5 సెకన్లలో కనిపించాలని గూగుల్ పెట్టిన పరీక్ష నెగ్గాం. వేగం కొలిచే రిపోర్టులోని పచ్చ చుక్కలను స్క్రీన్‌షాట్ తీసి యజమానికి పంపాను కూడా.

మూడు నెలల్లో సైటు నుంచి 26 ఆర్డర్లు వచ్చాయి. దాదాపు అన్నీ హైదరాబాద్, బెంగళూరు అపార్ట్‌మెంట్ల నుంచి, ఒకటి రెండు మొక్కల కోసం. మొక్కను పార్సిల్ చేయడం చీర మడిచినట్టు కాదు. మట్టి ముద్ద విడిపోకుండా కట్టాలి, తడి ఆరకూడదు, అట్టపెట్టె నానకూడదు. లోడింగ్ నుంచి ఇద్దరిని తీసి ప్యాకింగుకు పెట్టాల్సి వచ్చింది. మార్చి ఎండల్లో వెళ్లిన గులాబీలు కొన్ని ఎండు పుల్లలై చేరాయి, డబ్బు వెనక్కి ఇచ్చారు.

పెద్ద కొనుగోలుదారులు సైటు చూసి కూడా ఫోనే చేశారు, పైగా మునుపటికంటే ఎక్కువగా. "ఇక్కడ అరవై రూపాయలు వేశారు, ఐదు వందలు తీసుకున్నా అంతేనా?" "ఫొటోలో ఉన్నంత మొక్కేనా వచ్చేది?" ఒక కాంట్రాక్టరు ఐదు వందల మొక్కలు బుట్టలో వేస్తే సైటు చిల్లర ధరతో గుణించి, ఒక్కో మొక్కకు కొరియర్ ఖర్చు కూడా కలిపి లెక్క చూపించింది. ఆయన ఫోన్ చేసి, "మీ లెక్కకు లారీయే కొనుక్కోవచ్చండీ" అని నవ్వారట.

నిల్వల సంగతి ఇంకా అన్యాయం. ఏ మొక్క ఎన్ని ఉన్నాయో రోజూ సాయంత్రం నింపమని గుమస్తాకు ఒక తెర తయారుచేసి ఇచ్చాను. తొమ్మిది రోజులు నింపి మానేశారు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం తప్పని అర్థమవడానికి ఇంకో నెల పట్టింది. నాలుగు వందల రకాలు, ఒక్కో రకంలో, మొక్కను పెంచే ప్లాస్టిక్ కవరును బట్టి, మూడు నాలుగు కొలతలు. పదిహేను వందల గళ్లు రోజూ నింపే మనిషి ఇక మొక్కలెప్పుడు అమ్మాలి?

గుమస్తా పక్కన రెండు రోజులు

మే నెలలో యజమాని, "పాత సైటే నయమేమో" అన్నారు. మర్యాదస్తుడు కాబట్టి "ఏమో" అన్నారు. మార్పులు చేయడం ఆపేసి, గుమస్తా బల్ల పక్కన రెండు రోజులు కూర్చున్నాను. ఈ పని జనవరిలోనే చేయాల్సింది. ఒక నోటు పుస్తకంలో ప్రతి ఫోనుకూ ఒక్కటే రాసుకున్నాను: అవతలివాళ్లు అడిగిన మొదటి ప్రశ్న. మొదటిదే ఎందుకంటే, తరువాతివి గుమస్తా చెప్పే జవాబును బట్టి మారిపోతాయి. మనిషి మనసులో ఏది పెట్టుకుని నంబరు నొక్కాడో మొదటి మాటలోనే ఉంటుంది.

రెండు రోజుల్లో 71 ఫోన్లు. "ఫలానా మొక్క ఉందా?" అన్నవి 38. "ఎంత ఎత్తుంది, ఏ కవరు?" అన్నవి 19. ధరతో మొదలుపెట్టినవి 9. మిగతా 5 దారి అడిగినవీ, లోడు ఎక్కడిదాకా వచ్చిందన్నవీ.

నేను కట్టిన సైటులో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్నది ధర.

ఆ బల్ల దగ్గరే ఇంకొకటి తెలిసింది. నేను "నూరువరహాలు" అనే పూల మొక్కకు ఒక పేజీ పెట్టి ఒక ధర వేశాను. గుమస్తా లెక్కలో అది ఒక సరుకే కాదు. 5×6 కవరులో జానెడు మొక్క ఒక సరుకు. 8×10లో మోకాలెత్తుది ఇంకొకటి. 12×12లో గుబురుగా కట్టినది మూడోది. కవరు కొలతలు అంగుళాల్లో చెప్పుకుంటారు. అసలు బేరమంతా కవరు మీదే నడుస్తుంది. నా సైటులో కవరు మాటే లేదు.

ఐదుగురి ఫోన్లు

తరువాత ఐదుగురిని కూర్చోబెట్టి చూశాను: ఒక కాంట్రాక్టరు, ఆయన సూపర్‌వైజరు, ఖమ్మం వైపు రైతు ఒకరు, ఒక ప్రధానోపాధ్యాయురాలు, ఇల్లు కట్టుకుంటున్న ఒక ఉద్యోగి. ఐదుగురితో పరీక్షిస్తే చాలన్న మాట మా వృత్తిలో పాతికేళ్లుగా ఉంది. అది ఒకే తరహా వాడుకరులకు వర్తించే మాట. ఇక్కడ ఐదుగురూ ఐదు తరహాలు. అయినా సున్నా కంటే ఐదు నయం కాబట్టి కానిచ్చాను. ఎవరి ఫోను వాళ్లదే, నర్సరీ ఆవరణలోనే, ఎండలోనే. ఇచ్చిన పని ఒకటే: "మీకు రెండు వందల నూరువరహాలు కావాలి. ఈ సైటులో సంగతి కనుక్కోండి."

రైతు మైకు నొక్కి, "నూరు వరహాలు" అన్నారు. ఫోను వినికిడి బాగానే ఉంది, రెండు మాటలుగా విడదీసి రాసింది. సైటులో మేం కలిపి రాసుకున్నాం. "ఏమీ దొరకలేదు" అని వచ్చింది. ఆయన తెర కేసి కాకుండా, నాలుగు గజాల దూరంలో ఎర్రగా పూసి ఉన్న నూరువరహాల మడి కేసి చూశారు. నన్నేమీ అనలేదు.

ప్రధానోపాధ్యాయురాలికి మూడు గీతల మెనూ గుర్తు కనిపించనే లేదు. సూపర్‌వైజరు ఫోనును చేయి చాచి పట్టుకుని చదివారు. అప్పుడు నా లేత చిగురు రంగు అక్షరాలు తెల్లటి నేల మీద ఎలా ఉంటాయో ఎండలో నేనూ చూశాను. కొలిస్తే అక్షరాలకూ నేలకూ మధ్య వెలుగు తేడా నిష్పత్తి 2:1 దగ్గర తేలింది. మామూలు అక్షరాలకు ఉండాల్సింది కనీసం 4.5:1. నర్సరీ సైటు కదా, ఆకుపచ్చ ఉండాలని గదిలో ఏసీ కింద కూర్చుని ఎంచుకున్న రంగు అది.

బటన్ల మీద వత్తులు తెగుతున్నాయని చూపించింది కూడా ప్రధానోపాధ్యాయురాలే. "ఏమ్మా, ఇది 'పంపండి'నా, 'వాట్సాప్'నా, సగం అక్షరాలే ఉన్నాయి" అని మా జూనియరును అడిగారు. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుస ఎత్తు తెలుగుకు చాలదు. పైన గుడులు, కింద వత్తులు. అక్షరం సైజుకు 1.3 రెట్లు ఉన్నదాన్ని 1.7 రెట్లు చేశాక కుదిరింది. తెలుగువాణ్ని అయ్యుండి ఇది ఆమె చెప్పేదాకా చూడకపోవడం నాకే సిగ్గనిపించింది.

రెండో కట్టడం

బుట్టనూ, చెల్లింపునూ తీసేశాను. యజమాని అడిగారు, "కట్టినదంతా తీసేస్తారా?" అని. ఆ రెండూ ఉన్నంత కాలం వచ్చినవాళ్లకు ఇది చిల్లర దుకాణమనే సంకేతం వెళ్తుంది. లారీ లోడు కొనేవాళ్లు తమకు కాదనుకుంటారు. అందుకే సగం ఉంచడం కూడా కుదరదన్నాను.

బుట్ట స్థానంలో వచ్చింది జాబితా. మొక్క, కవరు కొలత, సంఖ్య ఎంచుకుంటూ పోతే జాబితా తయారవుతుంది. చివర్లో ఒక్క బటన్: వాట్సాప్‌లో గుమస్తాకు పంపడం. కాంట్రాక్టర్లు అప్పటికే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నది ఇదే. వాళ్ల అలవాటును మార్చకుండా, కాగితానికి బదులు తెర ఇచ్చాం.

ఇక్కడ ఒక సాంకేతిక చిక్కు వచ్చింది, తెలుగులో పనిచేసేవాళ్లకు పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను. సందేశాన్ని లింకులో పెట్టి పంపినప్పుడు తెలుగులో ఒక్కో గుర్తు తొమ్మిది అక్షరాల సంకేతంగా మారుతుంది. గుణింతం, వత్తు దేనికది విడిగా లెక్క. నలభై మొక్కల జాబితా అయితే లింకు కొండవీటి చాంతాడు. కొన్ని ఫోన్లలో సందేశం మధ్యలోనే తెగిపోయింది. దాంతో జాబితాను మా సర్వరులో దాచి, సందేశంలో జాబితా నంబరూ చిన్న లింకూ మాత్రం పంపేలా మార్చాను. ఈ నంబరు వల్ల అనుకోని లాభం కలిగింది, అది తరువాత చెబుతాను.

ఫొటోలన్నీ మళ్లీ తీయించాం. ఎత్తు ఎంతన్నది రెండో పెద్ద ప్రశ్న కదా. "2 అడుగులు" అని రాస్తే చాలదు, ఎందుకంటే కవరు నుంచి కొలిచారా, నేల నుంచి కొలిచారా అన్న తగాదా ఎప్పుడూ ఉంటుంది. గుమస్తాయే ఉపాయం చెప్పారు. ఒక వెదురు గడకు అడుగడుగుకూ ఎర్ర రంగు పట్టీ వేయించి, ప్రతి మొక్క పక్కన మట్టి మట్టం దగ్గర నుంచి పైకి నిలబెట్టి ఫొటో తీశాం. మూడు కవరు కొలతలూ ఒకే ఫొటోలో పక్కపక్కన. ఫొటోగ్రాఫరు అవసరం పడలేదు. ఒక కుర్రాడు తన ఫోనుతో తెల్ల గుడ్డ ముందు పదకొండు రోజుల్లో తీసేశాడు. అందంగా ఉన్నాయా అంటే, లేవు.

వెతుకుడు దగ్గర ఇంకోసారి తప్పులో కాలేశాను. మైకు అనుభవం తరువాత ఖాళీలనూ, "బోగన్‌విలియా" లాంటి మాటల్లో పొల్లు తరువాత దాక్కునే కనిపించని గుర్తునూ తీసేసి పోల్చేలా చేశాను. అక్కడితో ఆగకుండా, అక్షరదోషాలను కూడా సరిపెట్టుకుంటుందని రెండక్షరాల తేడాను ఒప్పుకునే పద్ధతి పెట్టాను. మర్నాడు యజమాని "నేరేడు" కొడితే మారేడు కూడా వచ్చింది. శివాలయం మొక్క అడిగినవాళ్లకు నేరేడు పంపితే ఎలాగని ఆయన దిగులు. చిన్న చిన్న పేర్లున్న చోట ఇలాంటి తెలివి పనికిరాదు. దాన్ని పీకేసి, ఒక్కో మొక్కకూ ఎదురుగా జనం పిలిచే పేర్లన్నీ రాసుకునే పట్టిక పెట్టాం: తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు, శాస్త్రీయ నామం, రోమన్ అక్షరాల్లో రాసే రకరకాల తీరులు. నింపింది గుమస్తా. ఫోనులో ఎవరు దేన్ని ఏమని అడుగుతారో ఇరవై ఏళ్లుగా విన్న చెవి ఆయనది.

ఆ పట్టిక నింపుతుంటే రెండు మొక్కలకు ఒకే పేరు ఉన్న కేసులు బయటపడ్డాయి. "అశోక" అని అడిగేవాళ్లలో చాలామందికి కావాల్సింది ప్రహరీ వెంట బాణంలా నిటారుగా పెరిగేది, అంటే పోలియాల్తియా. నారింజ, ఎరుపు రంగుల గుత్తులు పూసే అసలు అశోకం వేరు. "గన్నేరు" అన్నా అంతే. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు మూడూ వేర్వేరు మొక్కలు. ఇలాంటి చోట సైటు తానే ఒకటి ఎంచి చూపించకూడదనుకున్నాం. అన్నిటినీ ఫొటోలతో పక్కపక్కన పెట్టి, "మీకు కావాల్సింది ఏది?" అని అడుగుతుంది. గుమస్తా ఫోనులో అడిగేది కూడా అదే.

నిల్వకు సంఖ్యలు మానేసి మూడే మాటలు పెట్టాం: ఉంది, కొద్దిగా ఉంది, సీజనులో వస్తుంది. సోమవారం పొద్దున తోట చుట్టి వచ్చినప్పుడు గుమస్తా తన ఫోనులోని షీటులో మారినవి మాత్రం మారుస్తారు. ప్రతి మొక్క దగ్గర "ఈ తేదీన చూశాం" అని ఉంటుంది. తప్పుడు ఖచ్చితత్వం కంటే తేదీ వేసిన ఉజ్జాయింపు మేలని ఇద్దరం ఒప్పుకున్నాం.

ధర దగ్గర మాత్రం గట్టిగా వాదించుకున్నాం. ధర దాచే సైటును జనం నమ్మరన్నది నా పాత పాఠం. "పక్కవాళ్లు చూస్తారు" అన్నారు యజమాని. వాళ్లకు మీ ధరలు తెలియవా అంటే, "తెలియడం వేరు, రాసి గోడకు కట్టడం వేరు" అన్నారు. నోటు పుస్తకం తీసి చూస్తే 71లో 9. నా పాఠానికి ఇక్కడ ఆధారం లేదు. లోడు ధరలు పెట్టలేదు. గేటు దగ్గర ఒక్క మొక్క కొనేవాళ్ల ధర మాత్రం ఉంచాం.

రంగులు, నొక్కే చోట్ల కొలతలు సరిచేయడం ఒక రోజు పని. ఫోను నంబరు ప్రతి పేజీ అడుగునా నిలిచి ఉంటుంది, వేలు పెడితే కలుస్తుంది. కరపత్రం పేరాను మళ్లీ యూనికోడ్‌లో కొట్టించాం. జూన్ చివర్లో, తొలకరి గిరాకీ ఊపందుకునే ముందు సైటు పెట్టాం.

ఏమైంది

ఆగస్టులో మళ్లీ రెండు రోజులు అదే బల్ల దగ్గర కూర్చున్నాను. 58 ఫోన్లు. "ఉందా?" అన్నవి 17. "జాబితా నంబరు ఫలానా, లోడు ఎప్పుడు పెడతారు?" అని మొదలుపెట్టినవి 14. మొదటిసారి ఇలాంటి ప్రశ్నే లేదు. మే వేరు, ఆగస్టు వేరు, రెండు రోజుల లెక్కతో గొప్పలు పోను. అయితే గుమస్తా జాబితా నంబరును లారీ చీటీ మీద కూడా రాయడం మొదలుపెట్టారు. లోడు ఎక్కించే మేస్త్రీ కూడా అదే నంబరు తెరిచి ఫొటోతో సరిచూసుకుంటున్నారు. ఈ వాడకం నేను ఊహించలేదు, ఎవరికీ నేర్పలేదు. తరువాత మేస్త్రీ కోసం ఆ పేజీలో అక్షరాలు పెద్దవి చేసి, ఎక్కించినవాటి పక్కన టిక్కు పెట్టుకునే గడి చేర్చాను.

హైదరాబాద్ పార్సిళ్లు ఆగిపోయాయి. దానికి కొందరు చిన్నబుచ్చుకున్నారు. యజమాని తమ్ముడికి అది తప్పుడు నిర్ణయమనే ఇప్పటికీ అభిప్రాయం, ఆయన మాట పూర్తిగా కొట్టిపారేయలేను. ప్యాకింగుకు విడిగా మనుషులుంటే అది వేరే వ్యాపారంగా నడవచ్చు. ఈ సైటుకు అతికించి మాత్రం నడపలేం.

నా పద్ధతిలో మారినవి

కొత్త పని ఒప్పుకున్నప్పుడు ఇప్పుడు మొదట అడిగేది సైటు లింకు కాదు, ఫోన్లు ఎత్తే మనిషి ఎవరని. ఆ మనిషికి అదనపు పని పెట్టే ఏ తెరనైనా, పదో రోజు కూడా నింపుతారా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాకే కడుతున్నాను. వేగం రిపోర్టు పంపడం మానలేదు గానీ, దాన్ని పని పూర్తయిందనడానికి గుర్తుగా పంపడం మానేశాను. తెలుగు సైటైతే మొదటి రోజే "వాట్సాప్‌లో పంపండి" అని ఒక బటన్ చేసి, ఎండలోకి తీసుకెళ్లి చూస్తాను.

కొటేషన్‌లో "రెండు రోజులు కూర్చుని వినడం" అని ఒక వరుస చేర్చాను. చాలామంది బేరం అక్కడే మొదలుపెడతారు, కూర్చున్నందుకు డబ్బేమిటని. మొదట్లో విడమరచి చెప్పేవాణ్ని. ఇప్పుడు ఎర్ర పట్టీల వెదురు గడ పక్కన నూరువరహాలు మూడు కవర్లలో నిలబడ్డ ఫొటో చూపిస్తున్నాను. కొందరు ఒప్పుకుంటారు. కొందరు ఫొటో బాగాలేదంటారు.